లగ్జరీ కార్ల సర్వీస్ అడ్వైజర్లకు: టైరు లోపలి అంచు ఒక్కసారి చూస్తారా?

సర్వీస్ అడ్వైజర్ గారూ, నమస్తే.

ఇది ఏ ఒక్కరికో రాస్తున్నది కాదు. నా కారు ఏ కంపెనీదో, ఏ సర్వీస్ సెంటర్‌లో నాకీ అనుభవం అయిందో చెప్పను. ఆ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా కథ పెద్దగా మారదని ముగ్గురు నలుగురు స్నేహితులతో మాట్లాడాక నాకు అర్థమైంది. ఖరీదైన కారు అన్నారు, ఏసీ లాంజ్‌లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, "సార్ సార్" అన్నారు, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా మీలో ఎవరూ వంగి నా వెనక టైరు లోపలి వైపు చెయ్యి పెట్టలేదు. ఆ పని సూర్యాపేట బయట హైవే పక్కన పంక్చర్ షాపులో ఒక కుర్రాడు చేశాడు. అతనికి నేనిచ్చింది రెండు వందలు.

మొదట్నుంచీ చెప్తాను. మూడేళ్లు వాడిన జర్మన్ సెడాన్ కొన్నాను, అప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్ల సైజు ముందు 245/40 ఆర్19, వెనక 275/35 ఆర్19, అంటే వెనకవి ఇంకా వెడల్పు. అమ్మినాయన వెనక రెండు టైర్లూ కొత్తవి వేసి మరీ ఇచ్చాడు, ఎంత మంచివాడో అనుకున్నాను. (సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ముందువి పాతవి ఉండి వెనకవి మాత్రం కొత్తవి ఉంటే, పాతవి ఎందుకు తీయాల్సి వచ్చింది అని అడగండి. నేను అడగలేదు.) నా తిరుగుడు ఎక్కువగా ఔటర్ రింగ్ రోడ్డు మీదే, నార్సింగి నుంచి శంషాబాద్, మళ్లీ వెనక్కి, రోజుకి అటూ ఇటూ 60 కిలోమీటర్లు. పద్నాలుగు వేల కిలోమీటర్లు ఇలాగే హాయిగా తిరిగాను.

సంక్రాంతికి బెజవాడ బయల్దేరాం. నకిరేకల్ దాటాక టైరు ప్రెషర్ లైటు వెలిగింది. రన్‌ఫ్లాట్ టైర్లు కదా, గాలి పోయినా 80 స్పీడు దాటకుండా ఒక 80 కిలోమీటర్లు వెళ్లొచ్చని పుస్తకంలో ఉంటుంది, నెమ్మదిగా సూర్యాపేట దాకా లాక్కొచ్చాను. స్టెప్నీ లేదు, ఈ కార్లలో చాలావాటికి ఉండదు. పంక్చర్ షాపు కుర్రాడు కుడి వెనక చక్రం విప్పి, మేకు ఎక్కడుందా అని టైరును చేత్తో తడుముతూ తిప్పుతున్నాడు. సగం తిరిగాక ఆగిపోయాడు. నా చెయ్యి పట్టుకుని టైరు లోపలి అంచు మీద పెట్టాడు. సన్నటి తీగలు గుచ్చుకున్నాయి. "మేకు సంగతి తర్వాత అన్నా. బయట చూస్తే కొత్త టైరు, లోపల తీగలు బయటికొచ్చినయ్. పిల్లల్ని ఎక్కించుకుని దీని మీద బెజవాడ పోతవా?" అన్నాడు.

పైన పటారం, లోన లొటారం అంటారు చూడండి, అచ్చంగా అదే. బయటి వైపు గాడి ఇంకా సగానికి పైగా ఉంది. లోపల మాత్రం రెండు వేళ్ల వెడల్పు పట్టీ పూర్తిగా గుండు అయిపోయి, రబ్బరు పోయి, కింద ఉక్కు తీగలు తేలాయి. చక్రం బిగించి ఉన్నప్పుడు ఆ భాగం ఎవరికీ కనపడదు, కారు కడిగే మనిషికి కూడా. ఆ సైజు టైరు అక్కడ దొరకదు కాబట్టి కారును లారీ ఎక్కించి మీ దగ్గరికి పంపి, మేం నలుగురం పండగ రష్‌లో బస్సులో నిలబడి బెజవాడ వెళ్లాం. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వదు కూడా.

తిరిగొచ్చాక మీ దగ్గర నాకు దొరికిన జవాబు ఇది: "సార్, మన రోడ్ల సంగతి మీకు తెలియంది కాదు." ఆ వెంటనే కొటేషన్ వచ్చింది. వెనక రెండు టైర్లు 64 వేలు, ఫోర్ వీల్ అలైన్‌మెంట్ (నాలుగు చక్రాల దిశ, వాలు కొలిచి సరిచేయడం), బ్యాలెన్సింగ్, నైట్రోజన్.

ఈ రోడ్ల మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. మన రోడ్లు బాగున్నాయని నేననను. గుంతలో పడితే టైరు దెబ్బతింటుంది, నిజమే. 275/35 టైరుకి రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉన్న రబ్బరు గోడ పది సెంటీమీటర్లు కూడా సరిగ్గా రాదు, గుంత దెబ్బ తట్టుకోవడానికి అందులో ఏముంటుంది? కానీ గుంత దెబ్బ వేరేలా కనపడుతుంది. టైరు పక్క గోడ మీద కణితిలా ఉబ్బుతుంది, రిమ్ము సొట్ట పోతుంది, స్టీరింగ్ వణుకుతుంది. లోపలి అంచునే, అదీ వెనక చక్రాలకే, అదీ ఎడమ కంటే కుడివైపు ఎక్కువగా, చుట్టూ ఒకే వెడల్పులో గీత గీసినట్టు అరిగించే గుంత ఎక్కడైనా ఉందా? పైగా నేను తిరిగేది ఔటర్ మీద! 120 స్పీడుకి అనుమతి ఉన్న రోడ్డు అది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పాపం రోడ్డు ఏం చేస్తుంది.

చెప్పులు కుట్టే ఆయనకి మన పాత చెప్పు ఇస్తే అడుగు తిప్పి చూసి "మీరు కాలు ఇలా వేస్తారు కదా" అంటాడు. టైరు కూడా అలా చదువుకోవాల్సిన వస్తువే. నడిమధ్య పట్టీ ఎక్కువ అరిగిందంటే గాలి ఎక్కువైంది. రెండు అంచులూ అరిగి మధ్యలో మిగిలిందంటే గాలి తక్కువతో తిరిగింది. ఎలుక కొరికినట్టు అక్కడక్కడ గుంటలు పడ్డాయంటే షాక్ అబ్జార్బర్లో బ్యాలెన్సింగో చూడాలి. ఇవి ఏ టైర్ల షాపులో అడిగినా చెప్తారు. నేను కొత్తగా నేర్చుకున్నది చేత్తో నిమిరి చూడడం. టైరు మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయట నుంచి లోపలికి ఒకసారి నిమరండి. చేపను తల నుంచి తోకకి నిమిరితే నున్నగా ఉండి, తోక నుంచి తలకి నిమిరితే పొలుసు గుచ్చుకుంటుంది కదా, టైరు కూడా ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుగ్గా తగిలితే ఆ చక్రం నేరుగా దొర్లడం లేదు, కొద్దికొద్దిగా పక్కకి ఈడ్చుకుంటూ పోతోందని. దాన్నే టో తేడా అంటారు. ఇది కంటికి కనపడక ముందే చేతికి తెలుస్తుంది, అదే దీని గొప్ప. నా టైర్లు మూడు వేల కిలోమీటర్లప్పుడు ఎవరైనా ఇలా నిమిరి ఉంటే 64 వేలు మిగిలేవి.

మీకు తెలిసిన విషయమే అయినా ఇది చదివే మిగతా ఓనర్ల కోసం ఇంకొంచెం చెప్తాను. ఇలాంటి కార్లలో వెనక చక్రాలను వెనక నుంచి చూస్తే పైభాగం కొద్దిగా లోపలికి వాలి ఉంటుంది. అది నెగటివ్ క్యాంబర్. మలుపుల్లో టైరు మొత్తం రోడ్డును పట్టుకోవాలని కంపెనీ కావాలనే అలా పెడుతుంది, ఒకటిన్నర రెండు డిగ్రీల దాకా ఉండడం మామూలే. దానివల్ల లోపలి అంచు కొంచెం ముందు అరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ వాలు ఒక్కటే ఉంటే టైరు నెమ్మదిగానే అరుగుతుంది. దానికి టో తేడా తోడైందంటే, నిప్పుకి గాలి తోడైనట్టే. క్యాంబర్ వల్ల బరువు లోపలి అంచు మీద పడుతుంది, టో ఆ అంచును రోడ్డుకేసి రుద్దుతుంది. పైగా ముందు టైర్లు ఒక సైజు, వెనకవి ఒక సైజు కాబట్టి మా పాత హ్యాచ్‌బ్యాక్‌లో చేసినట్టు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకునే దారి లేదు. అరుగుదలను నాలుగు టైర్లకీ పంచే ఉపాయం పోయింది. అంటే ఈ కార్లకు అలైన్‌మెంట్ ఎంత ముఖ్యమో చూడండి. ఆ ముఖ్యమైన పనే అన్నిటికన్నా తొందరగా, నలభై నిమిషాల్లో, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

చిన్న లెక్క చెప్తాను, నాకు లెక్కల పిచ్చి ఉంది. ఒక చక్రం ఉండాల్సిన దిశ నుంచి పావు డిగ్రీ, అంటే మీ అలైన్‌మెంట్ కొలతల షీట్ భాషలో 15 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) పక్కకి తిరిగి ఉందనుకోండి. అది కిలోమీటరు ముందుకి పోయేసరికి దాదాపు నాలుగు మీటర్ల నలభై సెంటీమీటర్లు పక్కకి పోవాలని చూస్తుంది. కారు పోనివ్వదు కాబట్టి ఆ నాలుగు మీటర్లూ రబ్బరే భరించాలి. కొంత సాగి సర్దుకుంటుంది, మిగతాది రోడ్డు మీద రాసుకుంటుంది. నా రోజువారీ 60 కిలోమీటర్లకి అది 260 మీటర్లు. పద్నాలుగు వేల కిలోమీటర్లకి 61 కిలోమీటర్లు! ఏ టైరు మిగులుతుంది చెప్పండి.

సరే, కొత్త టైర్లు వేశారు, అలైన్‌మెంట్ చేశామన్నారు, బిల్లు కట్టాను. షీట్ అడిగితే "సిస్టమ్‌లో ఉంది సార్, అన్నీ గ్రీన్" అన్నారు. రెండోసారి అడిగితే ప్రింటర్ పనిచెయ్యడం లేదన్నారు. ఇంత ఖరీదైన వర్క్‌షాపులో ప్రింటర్ పనిచెయ్యకపోవడం కూడా ఒక వింతే. నాలుగు వేల కిలోమీటర్లకి వెనక నుంచి గుంయ్ మని చప్పుడు మొదలైంది. తీసుకొస్తే వీల్ బేరింగ్ పోయిందన్నారు, ఇంకో కొటేషన్. ఆ రాత్రి ఔటర్ మీద నేనే ఒక పరీక్ష చేశాను. ఖాళీ రోడ్డు మీద కారును కొద్దిగా ఎడమకీ కుడికీ ఊపాను. బేరింగ్ అయితే బరువు ఆ పక్కకి పడినప్పుడు చప్పుడు మారాలి, ఏమీ మారలేదు. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు మీదకి రాగానే మాత్రం చప్పుడు గొంతే మారిపోయింది. అంటే అది టైరు చప్పుడు. పొలుసు లేచిన టైరు బేరింగ్‌లాగే అరుస్తుంది, ఎంతోమంది మంచి బేరింగులు మార్పించుకుని అదే చప్పుడుతో ఇంటికి పోయి ఉంటారు. నేను బేరింగ్ మార్పించలేదు. ట్రెడ్ లోతు, అంటే టైరు గాడి లోతు కొలిచే గేజ్ ఒకటి కొన్నాను, కొన్ని వందలు పెడితే వస్తుంది.

ఆరు వేల కిలోమీటర్లప్పుడు కొలిచాను. కుడి వెనక టైరు బయటి అంచున 7.2 మిల్లీమీటర్లు, మధ్యలో 6.6, లోపల 4.9. కొత్తగా ఉన్నప్పుడు 7.8. అంటే బయట 0.6 అరిగేలోపు లోపల 2.9 పోయింది. చట్టం ప్రకారమైనా, టైరు గాడుల్లో ఉండే గుర్తు ప్రకారమైనా 1.6 దగ్గర ఆపెయ్యాలి. ఇదే లెక్కన ఇంకో ఆరేడు వేల కిలోమీటర్లకి మళ్లీ సూర్యాపేటే!

ఈసారి షీట్ ఇచ్చేదాకా లాంజ్‌లోంచి లేవనని కూర్చున్నాను. మూడో కాఫీ తర్వాత ప్రింటర్ బాగైంది. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. ఎడమ వరస పని ముందు కొలత, కుడి వరస పని తర్వాత కొలత. ముందు చక్రాల అంకెలు మారాయి. వెనక చక్రాల అంకెలు చూస్తే ముందూ తర్వాతా ఒక్క నిమిషం కూడా తేడా లేదు, క్యాంబర్, టో, రెండు పక్కలా, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే. అంటే వెనక చక్రాల బోల్టు మీద పానా పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. బిల్లు మాత్రం ఫోర్ వీల్ అలైన్‌మెంట్‌ది! కొలిచింది నాలుగు చక్రాలనీ, తిప్పింది ముందు రెండిటినీ. "స్పెక్ లోపలే ఉన్నాయి సార్, అందుకే ముట్టుకోలేదు" అని మీ సమాధానం. స్పెక్ అంటే కంపెనీ పెట్టిన హద్దు, దాని లోపల ఉంటే అంకె పచ్చ రంగులో వస్తుంది. ఉన్నాయి, నిజమే. కుడి వెనక టో స్పెక్ గీత మీద కూర్చుని ఉంది, పాస్ మార్కు 35 అయితే 35 వచ్చిన పిల్లాడిలా. టైరు లోపల అంత అరిగి కళ్ల ముందు ఉంటే, గీత మీద ఉన్న అంకెను చూసి పచ్చ రంగే కదా అని వదిలేస్తారా?

ఆ రోజు ఇంటికి వచ్చాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. మొదటి అలైన్‌మెంట్ రోజు నా డిక్కీలో 26 కిలోల బియ్యం బస్తాలు రెండున్నాయి, ఊరి నుంచి వచ్చినవి, దించడం బద్ధకం వేసి అలాగే ఉంచేశాను. ఎవరూ డిక్కీ తెరిచి చూడలేదు, అడగలేదు. వెనక బరువు పడి బండి కుంగితే క్యాంబర్, టో రెండూ మారతాయి కదా. కంపెనీ కొలతలు ఫలానా ఎత్తు దగ్గర, ఫలానా బరువు దగ్గర అని ఉంటాయి. కొన్ని జర్మన్ కార్లకైతే సీట్ల మీద ఇన్ని కిలోలు, డిక్కీలో ఇన్ని కిలోలు, ట్యాంకు నిండుగా అని లెక్క రాసి మరీ బరువులు పెట్టించి కొలవమంటారు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నవాటికి ముందు బండి ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూడకుండా అలైన్‌మెంట్ మొదలుపెడితే, వంకర గోడకి తూకం దారం కట్టినట్టే. నా బస్తాల తప్పు నాదే, కాదనను. కానీ అడగడం మీ పని.

చివరికి నా కొలీగ్ ఒకాయన చెబితే పాతబస్తీ దగ్గర ఒక గ్యారేజీకి పోయాను. పెద్ద బోర్డు లేదు, లాంజ్ లేదు, ఇరానీ చాయ్ మాత్రం వచ్చింది. ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. షీట్ చూపించబోతే "కాగితం తర్వాత సార్" అని కారును లిఫ్టు మీద ఎత్తి, టైర్ల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు, పైన చెప్పిన చేప పొలుసు సంగతి నాకు నేర్పింది ఆయనే. తర్వాత ఒక పొడవాటి రాడ్డు తీసి వెనక చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య పెట్టి మెల్లగా తిప్పాడు. ఎడమవైపు బుష్, అంటే ఆ ఆర్మ్ బిగించే చోట ఉండే రబ్బరు, కొద్దిగా సాగి మళ్లీ చోటికొచ్చింది. కుడివైపు రాడ్డు పెట్టగానే ఆర్మ్ వేలెడు కదిలింది, రబ్బరు సగం వరకు చీలి నోరు తెరిచింది. టార్చి వేసి నాకు చూపించి "ఇగో సార్, టైరుది తప్పు లేదు. ఈ రబ్బరు పోయింది. మీరు బ్రేకు కొట్టినప్పుడల్లా చక్రం తన ఇష్టమొచ్చినట్టు తిరుగుతాంది" అన్నాడు. మూడు నిమిషాలు పట్టలేదు మొత్తానికి.

తర్వాత ఆయన చేసింది ఇంకా నచ్చింది నాకు. పక్కన ఉన్న అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్లి, బుష్ మార్చకముందే మెషీన్ మీద ఎక్కించి, వెనక బంపర్ మీద చేతులు పెట్టి నొక్కి వదిలి ఒక రీడింగ్, బండిని కొంచెం ముందుకీ వెనక్కీ దొర్లించి ఇంకో రీడింగ్, మళ్లీ నొక్కి మూడోది తీయించాడు. ఎడమ చక్రం మూడుసార్లూ ఒకే అంకె. కుడి చక్రం మూడుసార్లు మూడు అంకెలు, ఒకసారి పచ్చ, రెండుసార్లు ఎరుపు, అన్నిటికన్నా ఎక్కువ వచ్చినప్పుడు స్పెక్ మధ్య గీత నుంచి 15 నిమిషాలు పక్కకి. నా లెక్కలో ఆ పావు డిగ్రీ అక్కడిదే. మీరు ఒక్కసారి కొలిచారు, అదృష్టమో దురదృష్టమో పచ్చ పడింది, సంతకం పెట్టారు. బుష్ పోయిన బండికి అలైన్‌మెంట్ చేయడమంటే ఊగే కుర్చీ మీద మనిషిని నిలబెట్టి ఎత్తు కొలిచినట్టు. మెషీన్ అబద్ధం చెప్పలేదు, ఆ క్షణానికి ఉన్నదే చెప్పింది. బండి రోడ్డు మీద ఏం చేస్తోందో దానికెలా తెలుస్తుంది?

రెండు వైపులా ఆర్మ్‌లు మార్చాం, బుష్ ఒక్కటీ విడిగా దొరకలేదు. వెనక టో సరిచేసే బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే వేడి చేసి తిప్పారు. ఇదే మీ దగ్గర అయితే సమయం పట్టే పని, ఆ బోల్టు విరిగితే మీ నెత్తి మీదకొస్తుంది, అందుకే వెనక చక్రాల జోలికి పోరని నా అనుమానం. అది అర్థం చేసుకోగలను. అదే మాట నాతో చెప్పి ఉంటే "కానివ్వండి, విరిగితే కొత్తది కొనుక్కుంటా" అనేవాణ్ని. మొత్తం 38 వేలైంది, అలైన్‌మెంట్‌తో కలిపి. రెండు టైర్ల కంటే 26 వేలు తక్కువ.

గాలి సంగతి కూడా రెండు మాటల్లో చెప్పేస్తా, లేకపోతే "సార్ ప్రెషర్ చెక్ చేసుకోలేదేమో" అంటారు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీదో, పెట్రోల్ మూత లోపలో స్టిక్కర్ ఉంటుంది, ఇద్దరు కూర్చుంటే ఎంత, నిండా కూర్చుంటే ఎంత, ముందు ఎంత, వెనక ఎంత అని. విజయవాడలో నా స్నేహితుడి ఎస్‌యూవీకి బంకులో కుర్రాడు అన్ని కార్లకీ కొట్టినట్టే 32 కొడుతూ వచ్చాడు, స్టిక్కర్ మీద వెనక 39 అని ఉంది, రెండు తులాల బరువున్న బండి కాదు అది, రెండు టన్నుల పైచిలుకు. రెండు అంచులూ పోయాయి. కొలవాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు. ఎండాకాలం ఔటర్ మీద గంట తిరిగొచ్చి కొలిస్తే అంకె పెరిగి కనపడుతుంది, అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువ పడుతుంది. నైట్రోజన్ మంచిదే, కాదనను, కానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, అదేదో మంత్రజలం కాదు. వంకరగా తిరిగే చక్రంలో ఏ గాలి కొట్టినా వంకరగానే తిరుగుతుంది.

ఇంకో బాధ ఉంది. టైరు కంపెనీని అడిగితే ఒకవైపు అరిగింది కాబట్టి బండిలో లోపం, మా వారంటీ వర్తించదు అంటారు. కారు వారంటీలో చూస్తే టైర్లు అరిగే వస్తువులు, వర్తించవు. బుష్ కూడా అరిగే వస్తువే. మధ్యలో నేను. డాలస్‌లో ఉండే మా బావమరిది అక్కడ టైర్లకి ఇన్ని వేల మైళ్లని గ్యారంటీ ఇస్తారని గొప్పగా చెప్తాడు, తీరా క్లెయిమ్‌కి పోతే టైర్లు రొటేట్ చేయించిన రసీదులు అడిగారట, అరుగుదల నాలుగు టైర్లకీ సమంగా ఉందా అని కొలిచారట. అక్కడైనా ఇక్కడైనా కాగితం ఉన్నవాడిదే మాట. అందుకే ఆ షీట్ కోసం నేను అంత మొండికేసింది.

మా ఓనర్ల తప్పులు లేవని కాదు. రంగు గీతలు లేని స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి పడతాం, ఫుట్‌పాత్ అంచుకి చక్రం గుద్ది పార్క్ చేస్తాం, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కదలని బండికి స్టీరింగ్ చివరిదాకా తిప్పుతాం, కారు కొనడానికి యాభై వీడియోలు చూసి టైరు చూడడానికి ఒక్కసారి వంగం. నేనూ అంతే. మీకు టార్గెట్లున్నాయని, రోజుకి ఇన్ని బండ్లు దింపాలని కూడా తెలుసు, మా చెల్లెలి కొడుకు అదే ఉద్యోగం చేశాడు రెండేళ్లు, వాడి తిప్పలు విన్నాను.

అయినా అడుగుతున్నాను. బండి లోపలికి రాగానే గీతలూ సొట్టలూ ఫొటోలు తీస్తారు కదా, ఆ ఐదు నిమిషాల్లోనే గేజ్ పెట్టి ఒక్కో టైరుకి లోపల, మధ్య, బయట మూడు అంకెలు జాబ్ కార్డు మీద రాయండి. ఇప్పుడు మీరు రాసేది "టైర్స్: ఓకే". లోపలి అంకెకీ బయటి అంకెకీ ఒకటిన్నర మిల్లీమీటర్ తేడా ఉంటే టైరు కొటేషన్ కంటే ముందు బుష్‌ల మీద రాడ్డు పెట్టించండి. అలైన్‌మెంట్ మెషీన్ ఎక్కించే ముందు డిక్కీ తెరిచి చూడండి. షీట్ అడగకుండానే బిల్లుతో కలిపి ఇవ్వండి, పని ముందు కొలత, తర్వాత కొలత రెండూ ఉన్నది. వెనక చక్రాలు ముట్టుకోలేదంటే ముట్టుకోలేదని రాయండి, ఎందుకో రాయండి. పాత టైరు పారేసే ముందు తిప్పి ఓనర్‌కి చూపించండి, దాని మీద ఉన్న రోగం కొత్తదానికి రాకముందే.

నా బండి వచ్చే నెల 8న సర్వీసుకి ఇస్తున్నాను. ఆర్మ్‌లు మార్చాక ఐదు వేల కిలోమీటర్లు తిరిగింది, టైర్లు అవే. నిన్న రాత్రి సెల్లార్‌లో ఫోన్ లైటు వేసుకుని పడుకుని కొలిచాను. కుడి వెనక టైరు, బయట 6.7, మధ్యలో 6.0, లోపల 4.2. డిక్కీ ఖాళీ చేసే తెస్తాను. మీరు కొలిచి రాసిన అంకెలు, నా అంకెలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఉంటాను.
కుడి వెనక టైరు ఓనర్